నాన్న మాట... కడలి బాట

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లకి నార్కట్‌పల్లి అంటే చాయ్ తాగే ఊరు. బస్సు ఆగుతుంది. ఓ పది నిమిషాలు కాళ్లు సాగదీసి మళ్లీ ఎక్కుతారు. ఒంగోలు, నెల్లూరు వైపు పోయేవాళ్లు మాత్రం ఇక్కడే కుడిచేతి వైపు తిరుగుతారు. అదే అద్దంకి రోడ్డు. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్ట, పానగల్లు, నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణానది... అది దాటాక పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి, మేదరమెట్ల. రెండు వందల కిలోమీటర్లకు పైగా సాగిన ఆ దారి చివర గాలిలోనే ఉప్పు తెలుస్తుంది. చీరాలకూ ఒంగోలుకూ మధ్య, చినగంజాం మండలంలో, మోటుపల్లి అనే పల్లెటూరు ఉంది. అక్కడ సముద్రం.

నల్గొండ జిల్లాకు సముద్రం లేదు. ఉన్నవల్లా చెరువులే. కానీ పేరు పెట్టేటప్పుడు ఆ లోటు తీర్చుకున్నారు మన పెద్దలు. పానగల్లు చెరువు పేరు ఉదయసముద్రం! కందూరు చోడుల కాలం నాటిది. వాన పడితేనే పంట అనుకునే మెట్ట సీమలో కనుచూపు మేర నీళ్లు నిలిస్తే అది సముద్రం కాక మరేమిటి?

ఇలాంటి మెట్ట సీమను ఏలిన ఓ రాజు అసలు సముద్రం గురించి ఆలోచించాడు. అందులో ఓడలు మునిగి సర్వం పోగొట్టుకున్న పరాయి దేశాల వాళ్ల గురించి ఆలోచించాడు. ఆయన కాకతి గణపతిదేవుడు. ఆ పేరు చెబితే ఒక్క క్షణం ఆగి గుర్తుచేసుకోవాలేమో. ‘రుద్రమదేవి తండ్రి’ అంటే మాత్రం స్కూలు పిల్లలు కూడా టక్కున ‘తెలుసు’ అంటారు. కూతురి పేరుతో గుర్తుండిపోవడం ఏ తండ్రికైనా ఇష్టమే కదా!

ఆ తండ్రి దయకు సాక్ష్యం మోటుపల్లిలో ఒక రాతి స్తంభం మీద ఉంది. ఆ కూతురి చివరి కబురు నార్కట్‌పల్లికి దగ్గర్లోనే, నకిరేకల్ మండలం చందుపట్లలో మరో రాతి మీద ఉంది.

శత్రువుల ఇంట్లో కుర్రాడు

గణపతిదేవుడి బాల్యం రాజకుమారుల కథల్లా సాగలేదు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవుల మీదికి యుద్ధానికి వెళ్లి అక్కడే ప్రాణాలు విడిచాడు. కొడుకు శత్రువుల చేతికి చిక్కాడు. ఓరుగల్లులో రాజు లేడు, రాజు కావలసిన కుర్రాడు పగవాళ్ల చెరలో ఉన్నాడు. సామంతులు తలో దిక్కూ లాగుతున్న ఆ రోజుల్లో రాజ్యం చెయ్యిజారకుండా కాచినవాడు రేచర్ల రుద్రుడు. ఆ తర్వాత 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది ఈయనే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది ఆ గుడినే.

1199 నాటికి యాదవులు గణపతిదేవుణ్ని వదిలిపెట్టారు. వచ్చి సింహాసనం ఎక్కాడు. ఇక దిగింది అరవై ఏళ్లు దాటాకే. తండ్రిని పోగొట్టుకుని, దిక్కు తోచక, పరుల దయ మీద కొంతకాలం బతికిన మనిషి... తర్వాతెప్పుడో ఒడ్డుకు కొట్టుకొచ్చిన అనామకుల మీద జాలి చూపాడంటే ఆ రెంటికీ ముడిపెట్టాలనిపిస్తుంది. శాసనాల్లో అలాంటి మాట ఎక్కడా లేదు. కానీ చదివేవాళ్ల మనసు ఊరుకోదు.

దివిసీమ అల్లుడు

ఆయనకు సముద్రం పరిచయమైంది యుద్ధంతో. ఆ పరిచయం చుట్టరికంగా మారింది పెళ్లితో.

కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి మధ్యలో వదిలిన నేల దివిసీమ. ఇప్పటి అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతం. అప్పట్లో దాన్ని అయ్య వంశం వాళ్లు ఏలుతుండేవారు. గణపతిదేవుడు దండెత్తి దివిని గెలిచాడు. ఓడినవాళ్లను తుడిచిపెట్టలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు జాయపను వెంట తెచ్చుకుని చదివించి, గజసేనకు అధిపతిని చేశాడు. ‘నృత్తరత్నావళి’ రాసిన జాయపసేనాని ఈయనే. ఆ ఏనుగుల దొర నాట్యశాస్త్రం మీద అంత పెద్ద గ్రంథం ఎలా రాశాడా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బావగారి మీద జాయపకు ఎంత గురి అంటే, 1231లో సొంతూళ్లో శివాలయం కట్టించి ఆ దేవుడికి గణపేశ్వరుడని పేరు పెట్టాడు. నాగాయలంక మండలంలో గణపేశ్వరం అనే ఊరు ఇప్పటికీ ఉంది. ఓరుగల్లు రాజు పేరు అలా సముద్రం అంచున ఊరి పేరై నిలిచిపోయింది.

దివిసీమ వాళ్లకు సముద్రమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సుమారు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. అది చూసిన తరం ఇంకా ఉంది. ఇళ్లు, గొడ్డూగోదా, మనుషులు... ఒక్క రాత్రిలో! ఎనిమిది వందల ఏళ్ల కిందటా బంగాళాఖాతం ఇదే బంగాళాఖాతం. అప్పుడు వాతావరణ హెచ్చరికలు లేవు, రేడియో లేదు. తెరచాప, చుక్కాని, నావికుడి అనుభవం... అంతే! ఆ ఇంటి అల్లుడైన రాజుకు తుపాను కబుర్లు భోజనాల దగ్గరే చెవిన పడి ఉంటాయి.

ఓడ మునిగితే... సొమ్మెవరిది?

ఇక్కడ ఆ కాలపు రివాజు ఒకటి తెలుసుకోవాలి. ఓ వర్తకుడు అప్పోసొప్పో చేసి సరుకు కొన్నాడు. ఓడకెత్తాడు. నడిసముద్రంలో గాలివాన పట్టుకుంది. ఓడ బద్దలై ఏదో ఒక తీరానికి కొట్టుకొచ్చింది. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది. మరి ఇసుకలో పడి ఉన్న సరుకు? అది ఆ నేలనేలే రాజుది! బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు... ఏమున్నా సరే రాజభటులు వచ్చి పట్టుకుపోతారు. దేవుడు ఇచ్చిన సొమ్ము అన్నట్టు. సముద్రం సగం ముంచితే రాజు మిగతా సగం ముంచేవాడన్నమాట.

దానికి గణపతిదేవుడు స్వస్తి చెప్పాడు. శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, మోటుపల్లిలో శాసనం వేయించాడు. వీరభద్రుడి గుడి ముందు మండపంలోని స్తంభం మీద అది చెక్కి ఉంది. జర్మన్ పండితుడు హుల్ట్జ్ దాన్ని చదివి, అర్థం రాసి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాక లోకానికి తెలిసింది. చరిత్రకారులు దాన్ని ‘అభయశాసనం’ అంటారు.

అందులో ఉన్నదాని సారాంశం ఇది: పూర్వపు రాజులు దెబ్బతిని తీరానికి చేరిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా లాక్కునేవారు. మేము అలా చేయం. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల కష్టం చూసి, దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగిలిందంతా వాళ్లకే వదిలేస్తున్నాం.

‘పాత రాజులు ఇలా చేసేవారు’ అని ఒప్పుకుని, ఆ పద్ధతి తప్పని రాతి మీద చెక్కించడం చిన్న విషయం కాదు. పైగా ఇది తన ప్రజలకిచ్చిన వరం కాదు. ఏ భాషవాళ్లో, ఏ మతం వాళ్లో, మళ్లీ ఈ గడప తొక్కుతారో లేదో తెలియని బాటసారులకిచ్చిన మాట.

ఆ మాట విలువ తెలియాలంటే అదే కాలంలో ఇంకో దేశం వైపు చూడాలి. ఇంగ్లండులో ఒకటో ఎడ్వర్డు రాజు 1275లో ఓ చట్టం తెచ్చాడు. మునిగిన ఓడ నుంచి మనిషి గానీ, కుక్క గానీ, చివరికి పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే దాన్ని దిక్కులేని సొత్తుగా జమకట్టకూడదు. ఏడాది మీద ఒక రోజు వరకూ సరుకు భద్రంగా ఉంచాలి. సొంతదారు వచ్చి రుజువు చూపితే ఇచ్చేయాలి. లేకపోతే అంతా రాజుకే. పాపం, పిల్లి కూడా ఈదుకుంటూ ఒడ్డెక్కితే తప్ప వర్తకుడికి ఆశ లేదు! ఓరుగల్లు రాజు అంతకు ముప్పై ఏళ్ల ముందే, పిల్లి సాక్ష్యం కూడా అడక్కుండా, సరుకు వాళ్లదే అన్నాడు.

ఉత్త దయేనా? కాదు. శాసనంలో సుంకాల పట్టిక కూడా ఉంది. చందనం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు... దేనికెంత కట్టాలో రాసి పెట్టారు. ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్పయ్యో వంతు సుంకమని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అంతకు మించి ఎవరూ అడగడానికి వీల్లేదు. ఎంత కట్టాలో ముందే తెలిసిన రేవుకి, ఓడ పగిలినా సరుకు దక్కే రేవుకి వర్తకులు రాక ఎక్కడికి పోతారు? అశ్వసేన కోసం గుర్రాలు సముద్రం దాటి రావలసిన రోజులవి. లెక్క తెలిసిన దయ అది. అయితేనేం? లెక్క తెలిసిన రాజులు అంతకు ముందూ ఉన్నారు, వాళ్లు దోచుకోవడమే లాభమనుకున్నారు.

ఆ మాట కాకతీయులతో పోలేదు. ఓరుగల్లు 1323లో కూలిపోయింది. ఆ తర్వాత తీరాన్ని ఏలిన కొండవీటి రాజు అనవోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. పెద్దాయన పెట్టిన దీపాన్ని పక్కింటివాళ్లు ఆరిపోకుండా చూసినట్టు.

నాన్న ఇస్తానన్న ఊరు

గణపతిదేవుడికి ఇద్దరు కూతుళ్లు. గణపాంబను ధరణికోటను ఏలే కోట బేతరాజుకిచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికిచ్చాడు. సింహాసనానికి మాత్రం రుద్రమనే ఎంచుకున్నాడు. ఆడపిల్ల రాజ్యం చేయడం అప్పట్లో ఊహకు అందని మాట. శాసనాల్లో ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుతో రాయాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది, తండ్రి ఎన్ని నోళ్లు మూయించాలో.

ఇద్దరు కూతుళ్లూ నాన్నను ఎవరి తీరులో వాళ్లు తలచుకున్నారు.

గణపాంబ చిన్నతనంలోనే కాకపోయినా, భర్తను పోగొట్టుకుని తనే కోట రాజ్యం చూసుకోవలసి వచ్చింది. అమరావతి అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు పెట్టించింది. భర్త పేరిట ఓ శివాలయం, తండ్రి పేరిట ఓ శివాలయం కట్టించింది. గుంటూరు జిల్లా యెనమదలలో ఉన్న ఆమె శాసనం ఈ సంగతులు చెబుతుంది. పుట్టింటి వైపు నుంచి ఒకటి, మెట్టినింటి వైపు నుంచి ఒకటి. లెక్క సరిపెట్టినట్టుంది!

రుద్రమ తీరు వేరు. ఆమె నాన్న మాట చెల్లించింది.

గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శివాచార్యులు. ఆయనకు మందడం గ్రామాన్ని ఇస్తానని రాజు నోటిమాటగా చెప్పాడు. పత్రం లేదు, శాసనం లేదు. ఉత్త మాట. పెద్దవాళ్లు అన్న మాటలు వాళ్లతోనే పోవడం ఎన్ని ఇళ్లలో చూడలేదు? రుద్రమ అలా పోనివ్వలేదు. 1261లో మందడాన్ని ఇచ్చింది. దాంతోపాటు తన వంతుగా వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. మల్కాపురం శాసనంలో ఇదంతా వివరంగా ఉంది. మందడం, వెలగపూడి... ఈ పేర్లు ఎక్కడో విన్నట్టుంది కదూ? 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వచ్చింది ఆ వెలగపూడికే.

ఆ ఊళ్ల ఆదాయంతో గురువుగారు ఏం చేశారన్నది ఇంకా గొప్ప సంగతి. గుడి, మఠం, చదువు చెప్పే ఏర్పాటు సరే. ఆదాయంలో ఒక భాగాన్ని ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు కేటాయించారు. అవును, కాన్పుల ఆస్పత్రి! ఏడున్నర శతాబ్దాల కిందట! అన్నసత్రం కూడా పెట్టారు. ఆకలితో వచ్చినవాడు బ్రాహ్మణుడైనా చండాలుడైనా వేళాపాళా చూడకుండా అన్నం పెట్టాలన్నది నియమం.

నాన్న సముద్రం ఒడ్డున పరాయివాళ్లకు అభయమిచ్చాడు. కూతురు కృష్ణ ఒడ్డున నిండు చూలాళ్లకు నీడ దొరికే దారి చూపింది.

మార్కోపోలో పొరపాటు

ఆ రోజుల్లో మోటుపల్లి పేరు ఎంత దూరం పాకిందో చెప్పడానికి ఓ వెనిస్ యాత్రికుడున్నాడు. మార్కోపోలో. 1290ల్లో చైనా నుంచి ఇంటికి తిరుగుముఖం పట్టి దక్షిణ భారతం మీదుగా వెళ్లాడు. మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అని పలికాడు. మొత్తం రాజ్యానికే ఆ రేవు పేరు పెట్టేశాడు. పరాయి దేశం వాళ్లకు మనమంటే ఆ రేవే మరి. సాలెగూడులాంటి సన్నని బట్టల గురించి రాశాడు. వజ్రాల గురించి, వాటిని లోయల్లోంచి పైకి తెచ్చే గద్దల గురించి నమ్మశక్యం కాని కథలు రాశాడు.

రాణి గురించీ రాశాడు. న్యాయం తప్పని, శాంతిని కోరే మహారాణి అని, ప్రజలు ఆమెను ప్రేమించినంతగా మరే పాలకుణ్నీ ప్రేమించలేదని మెచ్చుకున్నాడు. భర్త పోయాక, అతని మీద ప్రేమ కొద్దీ, అతను ఏలినట్టే నలభై ఏళ్లుగా ఏలుతోందని చెప్పాడు.

ఆమె రుద్రమే అయితే, చరిత్రకారుల్లో చాలామంది అలాగే అంటారు, ఇందులో ఓ తిరకాసుంది. ఆమెకు ముందు ఏలింది భర్త కాదు, తండ్రి. రేవుల్లో విన్న కబుర్లలో ఎక్కడో తండ్రి భర్త అయిపోయాడు. ఓ స్త్రీ అంత ప్రేమగా తలచుకుంటూ, ఆయన దారిలోనే నడుస్తోందంటే అది భర్త కోసమే అయి ఉంటుందని ఆ వెనిస్ పెద్దమనిషి అనుకున్నాడో, చెప్పినవాళ్లే అలా చెప్పారో. ‘ఆయన ఏలినట్టే ఏలింది’ అన్న మాట మాత్రం నిజం.

చందుపట్ల కబురు

చివరి కథ మళ్లీ నార్కట్‌పల్లి దగ్గరికే వస్తుంది.

గణపతిదేవుడు చేరదీసి పెద్దచేసిన వాళ్లలో కాయస్థ గంగయసాహిణి ఒకడు. అశ్వసేనలు నడిపిన యోధుడు. రాజు అతనికి విశాలమైన సీమను అప్పగించాడు. ఆయన తర్వాత ఆ అధికారం మేనల్లుళ్లకు దక్కింది. వాళ్లలో ఆఖరివాడు అంబదేవుడు. ఇతను రుద్రమ మీద తిరగబడ్డాడు. నాన్న అన్నం పెట్టిన ఇంటి నుంచే కత్తి లేచింది.

రుద్రమ 1295 దాకా ఉందని చరిత్రకారులు చాలాకాలం అనుకున్నారు. చందుపట్లలో దొరికిన శాసనం ఆ లెక్క మార్చేసింది. అందులోని తేదీ 1289 నవంబరు 27కి సరిపోతుంది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రాజు కాదు, సామంతుడు కాదు, బంధువూ కాదు. రుద్రమ సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర పనిచేసిన బంటు. శివలోకానికి చేరిన రుద్రమదేవికీ, మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని చందుపట్ల సోమనాథుడికి అతను భూమి ఇచ్చాడు.

రాణీ, సేనానీ ఒకేసారి ఎలా పోయారు? ఆ మరుసటి ఏడాది త్రిపురాంతకంలో అంబదేవుడు వేయించిన శాసనంలో తాను ఓడించినవాళ్ల పేర్లు చెప్పుకున్నాడు. అందులో మల్లికార్జునుడి పేరుంది. కాకతీయుల చరిత్ర రాసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి శాసన పండితులు ఈ రెండు రాళ్లనూ కలిపి చదివారు. పాలన చేపట్టిన ఇరవై ఏడేళ్ల తర్వాత, అంబదేవుడితో జరిగిన పోరులోనే ఆమె ప్రాణాలు విడిచిందన్నారు.

ఓరుగల్లు మహాసామ్రాజ్యంలో ఎన్ని వందల శాసనాలు! ఆస్థాన కవులు, దండనాయకులు, మంత్రులు... ఎవరి పేరు చూసినా బిరుదులే పంక్తుల కొద్దీ. రుద్రమ పోయిందన్న కబురు మాత్రం లోకానికి ఓ సామాన్య సైనికుడి చేతుల మీదుగానే అందింది. నాలుగు ముక్కల్లో, ఉన్నంతలో కొంత భూమి ఇచ్చి.

నార్కట్‌పల్లి కూడలిలో నిలబడితే నేరుగా వెళ్లేది నకిరేకల్ దారి. చందుపట్ల ఆ మండలంలోనే. కుడికి తిరిగితే ఉదయసముద్రం పక్కనుంచి, కృష్ణ దాటి, అద్దంకి మీదుగా మోటుపల్లి. వీరభద్రుడి గుడి మండపంలో ఆ స్తంభం ఇప్పటికీ ఉంది.